గీతలు పోయిన బండ

"తాత ఏడి?"

నిరోషా మూడోసారి అడిగింది. మొదటిసారి నవ్వుతూ అడిగింది, నాయిన వేరే బండ తెచ్చి ఆటపట్టిస్తున్నాడనుకుని. రెండోసారికి బండను అటూ ఇటూ తిప్పి, మూలన విరిగిన చిన్న పెచ్చును గుర్తుపట్టింది. అది తన బండే. ఇప్పుడు గౌను అంచుతో దాన్ని తుడుస్తోంది. తుడిచినకొద్దీ బండ మెరుస్తోంది.

చంద్రకాంత్ గడపకు అవతలే నిలబడి ఉన్నాడు. బండను చుట్టి తెచ్చిన గోనెసంచి ఇంకా చేతిలోనే ఉంది. పాలిష్ ఫ్యాక్టరీలోని రాతి పొడి కనుబొమల మీద తెల్లగా పేరుకుని ఉంది.

"బిడ్డ అడుగుతుంది గద, చెప్పు," అంది అతని భార్య శ్యామల. పొయ్యి మీద జొన్నరొట్టె మాడుతున్న వాసన వస్తున్నా ఆమె లేవలేదు. "పదహారు దినాలు మేకు పట్టుకొని గీసింది. ఎల్లుండి పొద్దుగాల రైలెక్కాలె. ఏం చేసినవ్ దాన్ని?"

"పాలిష్ అయ్యింది."

"అయ్యిందా? దానంతల అదే అయ్యిందా?"

చంద్రకాంత్ గోనెసంచి మీది పొడి దులిపాడు.

"మాట్లాడు మరి! బండల మీద గీస్తే బువ్వ వస్తదా అని ఆనాడే అన్నవ్. కోపముంటే నా మీద తీయి. పొల్లగాండ్ల మీదనా తీసేది?"

లోపలి గోడకు ఆనుకుని చంద్రకాంత్ తల్లి భాగమ్మ కూర్చుని ఉంది. మోకాళ్ల మీద చేతులు పెట్టి మెల్లగా లేచింది. వచ్చి బండ ముందు కూర్చుంది. అరచేత్తో దాన్ని ఒకసారి నిమిరింది. చెయ్యి ఎక్కడా ఆగకుండా జారిపోయింది.

పదహారు రోజులుగా ఆ బండ మీద ఆమె పెనిమిటి జంగప్ప ముఖం కొద్దికొద్దిగా వస్తూ వచ్చింది. మొదట రుమాలు, తరువాత చెవి, తరువాత కళ్లు. జంగప్ప పోయి ఆరు నెలలైంది. ఇంట్లో గోడకు పెట్టే ఆయన ఫోటో ఒక్కటీ లేదు. మనుమరాలు బండను గోడకు ఆనించి బడికి పోతే, భాగమ్మ దాని ఎదురుగా కూర్చుని అన్నం తినేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

"ఆయన ఉలులు అమ్మినవ్," అంది భాగమ్మ, కొడుకు వైపు చూడకుండా. "గా దినం సంది ఆయన నోరు మూసుకున్నడు. ఇప్పుడు ముఖం గూడ లేకుంట చేసినవ్. సల్లగున్నదా కడుపు?"

"అవ్వా..."

"నన్ను అవ్వా అనకు."

చంద్రకాంత్ గోనెసంచిని మడిచి గడప పక్కన పెట్టాడు. చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరకు పోయాడు. కడుక్కోవడం అయిపోయినా చాలాసేపు చేతుల మీద నీళ్లు పోసుకుంటూనే ఉన్నాడు.

అతను చెప్పి ఉండవచ్చు. కానీ పోయిన ఎండాకాలం ఉలులు అమ్మినప్పుడు కూడా అతను నిజమే చెప్పాడు. నలభై ఏళ్లు రాళ్ల గనిలో దుమ్ము మింగిన తండ్రికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా తెల్లవారగానే ఉలుల సంచి భుజాన వేసుకుని వాకిలి దాటేవాడు. ఆ సంచి లేకపోతే ఇంటిపట్టున ఉంటాడని, పాత ఇనుము బండివాడికి ఇచ్చేశాడు. అదే మాట చెప్పాడు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. తండ్రి అయితే పోయేవరకు కొడుకుతో మాట్లాడనే లేదు. నీళ్లు కావాలన్నా, "మీ నాయినకు చెప్పు," అని నిరోషాతో అనేవాడు.

నిరోషా లేచింది. గూట్లో ఉన్న మేకును తీసుకుంది. బొమ్మ గీసిన మేకు అది, చేతికి గుచ్చుకోకుండా సగం దాకా గుడ్డ చుట్టి ఉంది. వాకిట్లోకి పోయి దాన్ని మురుగు పారే మోరీ వైపు విసిరేసింది.

"నేను వికారాబాద్ పోను. టీచర్‌కు చెప్పు అమ్మా. నేను ఇంక ఎన్నడూ గీయ."

తొమ్మిదేళ్ల పిల్ల. ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడవలేదు.

*

మరునాడు పొద్దున ఇంట్లో ఎవరి గిన్నె వాళ్లు కడుక్కున్నారు. చాయ్ కూడా ఎవరికివాళ్లు పోసుకున్నారు. బండ గోడకు ఆనించి ఉంది. తలుపులోంచి వచ్చిన ఎండ దాని మీద పడి, ఎదుటి గోడ మీద ఒక తెల్లటి నలుచదరపు వెలుగు నిలబడింది.

వాకిట్లో బండి చప్పుడయింది.

"చందన్నా! డ్యూటీకి వస్తున్నవా, వదిన చీరలు పిండుతున్నవా?"

బీరన్న. చంద్రకాంత్‌తో కలిసి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, పెద్ద మిషన్ మీద. ఎవరింటికి పోయినా చెప్పులు విడవకముందే మాట లోపలికి పోయే మనిషి. ఆ పూట కూడా అలాగే లోపలికి వచ్చాడు. గోడకు ఆనించిన బండను చూసి మొహం వెలిగిపోయింది.

"ఏం పెద్దమ్మా, ఎట్లున్నది మరి? అద్దం లెక్క లేదూ?"

శ్యామల పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"నిన్న చందన్న అంచులు గుండ్రంగ చెయ్యనీకి తెచ్చి దొంతి మీద పెట్టిండు. గంతల్నే లారీ వచ్చింది, దించనీకి ఉరికిండు. నేను చూసిన. ఎనక సుద్దతోని చందన్న పేరున్నది. ఓహో, ఇంట్లకు తీస్కపోయే బండ అనుకున్న. ముందర దిక్కేమో అంతా గీతలే! ఎవరో కోళ్లను ఇడిసినట్టు. అన్న బండ గిట్ల గీతలతోని పోవుడేందని, నీళ్లు ఇడిసి మిషన్ ఎక్కించిన. మూడు సార్లు తిప్పిన పెద్దమ్మా! ఒక్క గీత దొరికితే నా పేరు బీరన్న కాదు."

రాతి పొడి పడిన బండ మీద గీతలు కనబడతాయి గానీ, అది ఏ బొమ్మో తెలియదు. ఆ సంగతి తాండూరులో రాతి పని చేసే ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బీరన్నకు అక్కడ ముఖం కనబడి ఉండదు.

నిరోషా లేచి నిలబడింది. "గా బండ మీద మా తా..."

భాగమ్మ చెయ్యి వచ్చి మనుమరాలి భుజం మీద పడింది. గట్టిగా పడింది.

శ్యామల పొయ్యి ముందు అలాగే ఉండిపోయింది. లోపలి తలుపు దగ్గర చంద్రకాంత్ చొక్కా గుండీ పెట్టుకుంటున్నవాడు ఆగిపోయాడు. అతని కళ్లు తల్లి మీద ఉన్నాయి. చెప్పవద్దన్నట్టు తల కొద్దిగా అడ్డంగా ఊపాడు.

"ముఖం చూసుకో పెద్దమ్మా, మంచిగ కనబడుతది," అన్నాడు బీరన్న.

భాగమ్మ వంగి చూసింది. బండలో ఒక ముసలి ముఖం కనబడింది. తనదే.

"మంచిగ చేసినవ్ బిడ్డా," అంది. "చేతులు నొయ్యలేదా? కూసో. చాయ్ తాగి పో."

బీరన్న చాయ్ తాగాడు. కోళ్లు, కరెంటు, కొత్త మేనేజరు గురించి మాట్లాడాడు. చంద్రకాంత్ ఆ పూట నాగా అని తెలిసి, "వదినకు భయపడ్డవ్ లే," అని నవ్వి వెళ్లిపోయాడు. బండి చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ఇంట్లో ఎవరూ కదలలేదు.

"రాత్రి ఎందుకు చెప్పకపోతివి?" అంది శ్యామల. గొంతు తగ్గిపోయింది.

"చెప్తే నమ్ముదురా?"

"అంచులు ఎందుకు మరి? ఎవరు అడిగిండ్రు నిన్ను?"

చంద్రకాంత్ కూతురి వైపు చూశాడు. నిరోషా కుడి అరచేయి చుట్టూ రెండు రోజులుగా ఒక పాత రిబ్బను చుట్టి ఉంది. బండను ఎత్తబోయి అంచు కోసుకున్న చెయ్యి అది. బండ ముట్టుకోవద్దంటారేమోనని, పిల్ల ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అతను చూశాడు.

శ్యామల కూడా ఇప్పుడే చూసింది. పిల్ల చేతిని దగ్గరకు లాక్కుని రిబ్బను విప్పింది.

భాగమ్మ మాత్రం కొడుకుతో ఏమీ అనలేదు. నిన్న అన్న మాటలు వెనక్కు తీసుకోలేదు. చాటలో కందులు పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

*

బడికి పోతూ మనీషా టీచర్ స్కూటీ ఆపి లోపలికి వచ్చింది. చిన్న వయసు టీచర్. ఈ బొమ్మల ప్రదర్శన సంగతి బడికి తెచ్చింది ఆమే. శుక్రవారం వికారాబాద్‌లో, జిల్లాలోని చిన్న బడుల పిల్లలందరికీ. ఐదో తరగతి లోపు పిల్లలు తమ ఊళ్లో దొరికే వస్తువు మీద తమ చేత్తో చేసిన బొమ్మ తేవాలి. నచ్చిన పన్నెండు మందిని ఎండాకాలం సెలవుల్లో పది రోజుల శిబిరానికి తీసుకుంటారు. అక్కడ రంగులు, మట్టి, చెక్క, అన్నీ వాళ్లే ఇస్తారు. ఎవరి బల్ల వాళ్లకుంటుంది. నిరోషాకు అన్నిటికంటే ఆ బల్ల మాట బాగా పట్టుకుంది. ఇంట్లో ఆమె నేల మీద గీస్తుంది. బడిలో ఒక బల్లకు ఐదుగురు.

టీచర్ బండ ముందు కూర్చుని దాని నున్నటి వైపు వేలితో రాసి చూసింది.

"దీన్ని ఇట్లా తీసుకుపోలేం," అంది చివరికి. "పెద్దవాళ్ల చెయ్యి పడ్డదని పక్కన పెట్టేస్తారు. వెనక వైపు ఎలా ఉంది?"

చంద్రకాంత్ బండను తిప్పాడు. వెనక గరుకుగా, గనిలోంచి వచ్చిన నీలి రంగుతో, సుద్దతో రాసిన పేరుతో ఉంది. చెయ్యి పెట్టి సుద్దను తుడిచేశాడు.

"ఇంకో రోజుంది నిరోషా. ఏదైనా చిన్న బొమ్మ గీయి. పువ్వు గీయి, పిట్టను గీయి. రేపు ఏడింటికి మేము స్టేషన్‌లో ఉంటాం."

"పిట్ట రాదు టీచర్."

"నీకు రానిదేముంది?"

"తాతనే గీయాలె. తాత వస్తలేడు." నిరోషా నేల చూపులు చూస్తోంది. "కండ్లు మూసుకుంటే గీ బండనే కనబడుతుంది. మెరుస్తుంది."

టీచర్ ఆమె తల నిమిరి, గడియారం చూసుకుని, శ్యామలతో ఏదో మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

శ్యామల పెట్టె తెరిచి జంగప్ప ఆధార్ కార్డు వెతికి తెచ్చింది. నలుపు తెలుపు ఫోటో. అందులో ఆయన కళ్లు పెద్దవి చేసి, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బిగుసుకుని ఉన్నాడు.

"ఇది తాత కాదు," అంది నిరోషా.

"తాతనే. పేరుంది గద."

"దొంగ లెక్క ఉన్నడు."

ఆ మాటకు శ్యామలకు నవ్వు వచ్చింది. అత్త ముఖం చూసి ఆపుకుంది. భాగమ్మ కందుల్లోంచి తల ఎత్తకుండానే అంది: "ఆ దినం ఆయనకు జరం. కదలొద్దని గద్దిచ్చిండు ఫోటో తీసేటోడు. నేను పక్కనే ఉన్న."

మధ్యాహ్నం దాటింది. ఎవరూ పెద్దగా తినలేదు. చంద్రకాంత్ ఇంట్లో ఉండలేక బయటికి పోదామని లేచాడు. దండెం మీది తువ్వాలు తీసి, ఎండకని తలకు చుట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, చెప్పుల కోసం వంగాడు.

"కదలకు!"

నిరోషా అరిచిన అరుపుకు భాగమ్మ చేతిలోని చాట జారింది. కందులు నేలంతా చెదిరిపోయాయి.

"నాయినా, కదలకు. గట్లనే ఉండు."

పిల్ల పరుగెత్తి మోరీ దగ్గరకు పోయింది. బురదలో వెతికి మేకు తెచ్చింది. గౌనుకు తుడుచుకుని, బండను గరుకు వైపు పైకి వేసి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తండ్రి ముఖాన్ని చూసింది. అది తండ్రి ముఖాన్ని చూసే చూపు కాదు.

చంద్రకాంత్ కూర్చున్నాడు. గడప మీద, జంగప్ప కూర్చునే చోటే.

మేకు రాతి మీద కీచుమని గీసుకుంది. సన్నటి తెల్లటి గీత పడింది. రుమాలు అంచు.

"తాత చెవి ఇంకా కిందికుండె," అంది నిరోషా. "కాదు కాదు, తలనే వంగి ఉండె."

"కుడి దిక్కుకు వంచు," అంది భాగమ్మ. నేల మీద కందులు ఏరుతూ అంది. కొడుకుతో ఆ రోజు ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. "గనిల మందుగుండు పేలినప్పుడు ఎడమ చెవి పాయె. ఎవరన్న మాట్లాడుతుంటే కుడి చెవి ముంగటికి పెట్టేటోడు."

చంద్రకాంత్ తల కుడి వైపుకు వంచాడు.

"గంత కాదు. జర."

కొద్దిగా ఎత్తాడు. శ్యామల పొయ్యి దగ్గర నుంచి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఆమె ఎప్పుడూ అనుకోలేదు, తన మొగుడు అంతగా మామను పోలి ఉన్నాడని.

ఎండ గడప మీద నుంచి మెల్లగా జరిగింది. మేకు చప్పుడు తప్ప ఏమీ లేదు. ముక్కు వచ్చింది. ఒక కన్ను వచ్చింది.

"నాయినా, కండ్లు మూయకు."

"దుమ్ము పడ్డది బిడ్డా."

"నువ్వు తాత ఉలులు ఎందుకు అమ్మినవ్?"

శ్యామల పిల్లను కసిరేలోగా చంద్రకాంత్ జవాబు చెప్పాడు. తల వంచిన భంగిమ మార్చకుండానే చెప్పాడు.

"మల్ల పనికి పోతడని. దమ్ము లేకున్న గూడ పోతుండె. సంచి లేకుంటె ఇంట్ల ఉంటడనుకున్న."

"ఉన్నడా?"

"ఉన్నడు."

"మరి నీతోని ఎందుకు మాట్లాడలే?"

భాగమ్మ ఏరుతున్న కందులు చాటలో ఒక్కొక్కటే పడుతున్నాయి. కాసేపటికి అవి పడటం కూడా ఆగిపోయింది.

పొద్దు వాలేసరికి ముఖం వచ్చింది. ముందు గీసినదాని కన్నా గీతలు తక్కువ. కానీ వచ్చింది. రుమాలు, వంగిన తల, గుంతలు పడ్డ బుగ్గలు, వింటున్నట్టున్న చెవి. ముక్కు కింద మాత్రం బండ ఖాళీగా ఉంది.

"నోరు?" అంది శ్యామల.

"నాయిన నోరు తాతది కాదమ్మా. నాయనమ్మది." నిరోషా నాయనమ్మ వైపు తిరిగింది. "తాత నోరు ఎట్లుండె నాయనమ్మా? నువ్వు చెప్పు. నేను గీస్త."

భాగమ్మ బండ వైపు చూసింది.

"నాకు యాదికి లేదు," అంది.

"నలభై ఏండ్లు సంసారం చేసినవ్ అత్తమ్మా. యాదికి లేదా?"

"లేదంటున్న గద!"

అంత గట్టిగా భాగమ్మ ఎన్నడూ కోడలితో మాట్లాడలేదు. లేచి, చాటను అక్కడే వదిలి, ఇంటి వెనక్కు పోయింది. గోడ పక్కన నిలబడి, ఖాళీ దండెం మీద బట్టలు సర్దుతున్నట్టు చేతులు ఆడించింది.

*

శుక్రవారం పొద్దున స్టేషన్‌లో మనీషా టీచర్ చుట్టూ ముగ్గురు పిల్లలు నిలబడి ఉన్నారు. చంద్రకాంత్ తలకు తువ్వాలు చుట్టుకుని, గోనెసంచిలో చుట్టిన బండను భుజాన పెట్టుకుని వచ్చాడు. వెనక నిరోషా, ఆమె వెనక భాగమ్మ. వస్తానని భాగమ్మ ఎవరికీ చెప్పలేదు. చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని వాళ్ల వెనకే నడిచింది.

రైలులో నిరోషా బండ పక్కన కూర్చుంది. చంద్రకాంత్ కిటికీ దగ్గర, భాగమ్మ ఎదుటి సీటులో. వికారాబాద్ వచ్చేదాకా తల్లీకొడుకులు ఒకరి మోకాళ్లు ఒకరు చూస్తూ కూర్చున్నారు.

ప్రదర్శన ఒక బడిలోని పెద్ద హాలులో పెట్టారు. యాలాల్ పిల్లవాడు జొన్నబెండుతో ఎడ్లబండి చేసి తెచ్చాడు. బషీరాబాద్ పిల్లలు నల్లమట్టితో గేదెల మందను చేశారు, వాళ్లలో వాళ్లు కన్నడంలో ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. కొడంగల్ నుంచి వచ్చిన అమ్మాయి కంది కట్టెలతో గుడిసె కట్టింది. ఒక్కొక్కరి ముందు ఒక్కో బల్ల. నిరోషా తన బల్లను చేత్తో తడిమి చూసుకుంది. పదకొండో నెంబరు.

చంద్రకాంత్ బండను బల్ల మీద నిలబెట్టి, వెనక్కు తప్పుకున్నాడు.

బొమ్మలు ఎంచే మేడమ్ తెల్లజుట్టు మనిషి. కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. బండ ముందు ఆగి, అద్దాలు పెట్టుకుని చూసింది. తరువాత పక్కకు వచ్చి వెనక వైపు చూసింది.

"ఈ పాలిష్ ఎవరు చేశారు?"

మనీషా టీచర్ ముఖం పాలిపోయింది.

"అది ఎనక దిక్కు మేడమ్," అంది నిరోషా. "అది మా బీరన్న బాబాయ్ పని. ముందర దిక్కు నాది."

మేడమ్ నవ్వలేదు. మళ్లీ ముందుకు వచ్చి గీతల మీద వేలు పెట్టింది.

"ఎవరు ఈయన?"

"మా తాత."

"నోరు ఏది తల్లీ?"

"మా నాయనమ్మ దగ్గరుంది."

మేడమ్ తల తిప్పి, కిటికీ కింద బెంచీ మీద కూర్చున్న భాగమ్మను చూసింది. చేతిలోని కాగితం మీద ఏదో రాయబోయి, రాయలేదు.

"పూర్తికాని బొమ్మను నేను ఎంచుకోలేనమ్మా. అది అందరికీ ఒకటే. పదకొండు గంటలకు మళ్లీ వస్తాను. అప్పటిదాకా నువ్వు దిద్దుకోవచ్చు."

గోడ గడియారంలో పదిన్నర దాటింది.

నిరోషా మేకు పట్టుకుని నాయనమ్మ దగ్గరకు పోయింది. ఆమె మోకాళ్ల ముందు నిలబడింది, అంతే.

చంద్రకాంత్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "చెప్పరాదు అవ్వా. మూసుకున్న నోరే గద. నాకు గదే యాదికున్నది. గట్లనే గీయమను. నాకేం బాధ లేదు."

"మూసుకోలే," అంది భాగమ్మ.

"ఏంది?"

"కడపటి దినం మూసుకోలే." ఆమె కొడుకును చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న తన చేతుల్ని చూస్తోంది. "నువ్వు మాపటి డ్యూటీకి పోయినవ్. నేను జావ తాపుతున్న. గిన్నె పక్కకు నూకిండు. చందును పిలువు అన్నడు. మూడు నెలల సంది అనని పేరు. నాకు గూడ సమజ్ కాలే ముందుగాల. మల్లన్నడు. చందును పిలువు."

చంద్రకాంత్ బెంచీ అంచు పట్టుకున్నాడు.

"పక్కింటి యాదగిరి ఆటో వాకిట్లనే ఉండె. పంపితే పావుగంటల వస్తుంటివి. నేనే పంపలే. వస్తే మల్ల ఇద్దరికి లొల్లి అయితదనుకున్న. దమ్ము ఎక్కువైతదనుకున్న. తెల్లారినంక పిలుస్త, పండుకో అన్న." ఆమె గొంతు తడబడలేదు. అది ఆరు నెలలుగా లోపల చెప్పుకుని చెప్పుకుని అరిగిపోయిన మాటలా వచ్చింది. "ఆయన పండుకోలే. తలుపు దిక్కే చూసిండు. తెల్లారకముందే పాయె."

"మరి నేను ఉలులు అమ్మినందుకు..." చంద్రకాంత్ ఆగాడు. "ఇన్ని దినాలు నన్ను..."

"అన్న. నిన్నే అన్న. మొన్న గూడ అన్న." భాగమ్మ అప్పుడు తల ఎత్తింది. కొడుకును కాదు, మనుమరాలిని చూసింది. "తెరిచే ఉండె బిడ్డా. పిలిచేటప్పుడు ఎట్లుంటదో గట్ల. జర తెరిచి. గట్లనే గీయి."

నిరోషా తండ్రి ముఖం చూసింది. గీయమంటాడా, వద్దంటాడా అని చూసింది. అతను పదకొండో బల్ల దగ్గరకు పోయాడు. వంగి, బల్ల కింద పడి ఉన్న గోనెసంచిని తీసుకున్నాడు. రెండు మడతలు వేశాడు. మూడో మడత వేయలేకపోయాడు. సంచిని అలాగే చేత పట్టుకుని, పిల్లల బల్లల మధ్య నుంచి, జొన్నబెండు ఎడ్లబండిని దాటి, తలుపు వైపు నడిచాడు.

"చందూ," అంది భాగమ్మ.

అతను ఆగలేదు. వాకిట్లోని ఎండలో అతని తలగుడ్డ ఒక్కసారి తెల్లగా కనబడి, గేటు అవతల మలుపు తిరిగింది.

గడియారంలో పదీ నలభై ఐదు. నిరోషా పదకొండో బల్ల దగ్గరకు వచ్చింది. బండను పడుకోబెట్టింది. ముక్కు కింద ఖాళీ చోట మేకు మొన ఆనించి, గేటు వైపు చూస్తూ కూర్చుంది.